కండక్టరప్ప సొంతిల్లు

ఆయన పోయి నెల కావస్తోంది. ఇప్పటికీ ఎమ్మిగనూరు బస్సు మా వీధి మలుపులో గేరు మార్చిన చప్పుడు వినపడితే నా కాలు కుట్టుమిషన్ మీద దానంతటదే ఆగిపోతుంది. కిటికీలోంచి తలెత్తి చూస్తాను. చివరి కాలమంతా ఆయన మా పక్కింట్లోనే ఉన్నాడు, బస్సెక్కి రావలసిన పనే లేదు. అయినా అంతకుముందు ఏళ్ల తరబడి పడిన అలవాటు. ఆ చప్పుడు వచ్చిందంటే కాసేపటికి మా గేటు ఊచలు గలగలమనేవి, వెనకే గొంతు వినపడేది.

"ఏం తల్లీ, వాళ్లు కదిలేటట్టు ఉండారా?"

వాళ్లంటే ఆయన ఇంట్లో అద్దెకున్నవాళ్లు. కదలవలసిన గడువు ఎప్పుడో దాటిపోయింది. వాళ్లు కదల్లేదు. కదిలిందల్లా ఆయనే, ఎమ్మిగనూరు నుంచి మా ఆదోనికి, ఆదోని నుంచి ఎమ్మిగనూరుకి.

అంత తిరిగిన మనిషి నిద్రలో పోయాడు. పొద్దున చూస్తే దుప్పటి మడత కూడా చెదరలేదు. ఈయన ఇంత కదలకుండా ఎట్లా పోయాడబ్బా అని వీధంతా అనుకున్నాం.

పేరు ఎవరూ పిలిచేవాళ్లు కాదు, అందరికీ కండక్టరప్పే. ఉద్యోగమంతా బస్సుల్లో గడిచింది. కోసిగి, ఆస్పరి, గూడూరు, ఏ రోడ్డులో ఏ గుంత ఎక్కడుందో ఆయన కాళ్లకు తెలుసు. రిటైరయ్యాక కూడా ఆ నిలబడటం పోలేదు. కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడేవాడు. "కూర్చో అప్పా, అంత దూరం నుంచి వచ్చినావు" అని నేనంటే, "కూకుంటే కండ్లు తిరుగుతాయి తల్లీ" అనేవాడు. కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, ఒక చేయి ఎత్తి మా గేటు పైఊచ పట్టుకుని, నేల కదులుతున్నట్టు కొంచెం కొంచెం ఊగుతూ మాట్లాడేవాడు. వచ్చిన టికెట్టు సన్నగా మడిచి గడియారం పట్టీలో దోపుకునేవాడు. ఆయనకు ఫ్రీ పాసు ఉండేదేమో నాకు తెలియదు, ఆయన మాత్రం టికెట్టు కొనేవాడు. మాట అయిపోయిందనడానికి గుర్తుగా "రైట్" అనేవాడు. ఆ మాట అంటే ఇక ఆగడు, ఎదుటివాళ్ల నోట్లో మాట ఉన్నా సరే.

ఆయనకూ భార్యకూ పిల్లల్లేరు. ఉద్యోగం చివర్లో మా పక్క జాగా కొని ఇల్లు కట్టించాడు. పెద్దదేం కాదు. ముందర రేకుల వసారా, నడిమిల్లు, వంటిల్లు, వెనక ఒక గది. గృహప్రవేశం రోజే నేను ఆయన భార్యను మొదటిసారి చూశాను. చాలా పొట్టి మనిషి. పాలు పొంగించడానికి వంటింట్లోకి పోయి, పొయ్యి గట్టు మీద రెండు మోచేతులూ ఆనించి చూసుకునేసరికి ఆమె మొహమంతా నవ్వైపోయింది.

"నా కొలతకే కట్టించినాడమ్మా. ఇన్నేండ్లూ బాడుగిండ్లల్లో పీట ఎక్కి వండినా" అంది నాతో.

ఆ గట్టు మీద ఆమె పొంగించింది ఆ పాలు ఒక్కటే. ఆయన డిపో ఎమ్మిగనూరు. రిటైరయ్యేదాకా అక్కడే ఉందాం, అంతవరకూ దీన్ని అద్దెకిద్దాం అనుకున్నారు. అట్లా వచ్చారు ఈరమ్మ, లింగప్ప.

వాళ్లది కోసిగి పక్క పల్లె. వానలు పడని ప్రతి ఏడూ పిల్లవాణ్ణి చంకనేసుకుని గుంటూరు దిక్కు మిరపచేలకు కూలికి పోయిన సంసారం. లింగప్ప ఇక్కడ పత్తి మార్కెట్టులో హమాలీ పని పట్టాడు. ఈరమ్మ ముందర వసారాలో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. మా వీధి చివర బస్సులు ఆగుతాయి, అటుపక్క ఆసుపత్రి. రోగుల కోసం వచ్చినవాళ్లు, బస్సు దిగినవాళ్లు మధ్యాహ్నమయ్యేసరికి వసారా ముందు గుమిగూడేవాళ్లు. ఆమె అరచేతుల చప్పుడు, నా మిషన్ చప్పుడు, పొద్దంతా జోడుగా నడిచేవి. ఒక్కటే సణిగేది. "ఈ వంటింటి గట్టు ఎవురికి కట్టినారో గానీ అక్కా, వంగీ వంగీ నడుము పోతాంది."

గడువు అయిపోయిన రోజు కండక్టరప్ప వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. గుమ్మం బయటే నిలబడి, "ఏమ్మా, అగ్రిమెంటు అయిపోయింది. నేనూ రిటైరైతి. నా ఇంటికి నేను రావాల్నా లేదా?" అన్నాడు.

ఈరమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది. "రావాలన్నా, ఎందుకు రాగూడదు? నీ ఇల్లే గదా. ఆషాఢం పోనీ. ఆషాఢంలో పొయ్యి కదిలించగూడదు."

"రైట్" అన్నాడు ఆయన.

ఆషాఢం పోయింది. శ్రావణంలో లింగప్పకు బస్తా మీద పడి భుజం పట్టేసింది. తర్వాత మూఢమన్నారు. అది విడిచేసరికి పిల్లవాడి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇప్పుడు మారిస్తే చదువు చెడుతుందన్నారు. పరీక్షలయ్యాయి, మళ్లీ ఎండలు, మళ్లీ ఆషాఢం. పంచాంగమంతా ఈరమ్మ పక్షమే. అద్దె మాత్రం తప్పకుండా చెల్లించేవాళ్లు, ఆ విషయంలో ఆయన నోరెత్తే అవకాశమే లేదు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి విని, "రైట్" అని, మా గేటు దగ్గరికి వచ్చి నిలబడి అప్పుడు మండిపడేవాడు.

"సూడు తల్లీ, వాళ్ల పిల్లోని పరీక్షలంట! పోయినేడు మూఢమంట! నాకేమన్నా మూఢముందా? నేను ఏ మాసంలో బతకాల?"

మా వీధి మొదట్లో టీకొట్టు ఉంది. అక్కడివాళ్లు ఆయన్ను చూసి వేళాకోళమాడేవాళ్లు. "ఎంతమందిని బస్సు దించినావప్పా, ఈ ఒక్క సంసారాన్ని దించలేకపోతివే?" ఆయన నవ్వేవాడు. నవ్వుతూనే టీ సగంలో వదిలి వచ్చేసేవాడు.

ఆయన తిరగని చోటు లేదు. వకీలు దగ్గరికి పోయాడు. "కోర్టుకు పోదామన్నాడు తల్లీ. ఎన్నేండ్లు పడతాదని అడిగితి. ఆయప్ప ఫ్యాను దిక్కు సూసినాడు" అన్నాడు. పోలీసుల దగ్గరికి పోతే ఇది మా పని కాదన్నారట. నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెడితే ఈరమ్మ ఏడ్చింది, పెద్దమనుషులు ఆయన్నే ఓపిక పట్టమన్నారు. ఎవరో ఇంకో దారి చెప్పారు. మనుషుల్ని పంపుతాం, ఒక్క పూటలో సామాన్లు రోడ్డు మీద ఉంటాయి, నువ్వు ఊళ్లో కూడా ఉండొద్దు అన్నారట. ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆయన ఊగడం ఆగిపోయింది.

"టికెట్టు తీసుకోనోన్ని కూడా ఊరొచ్చినాకనే దించినా తల్లీ. నడిదావలో ఎవుర్నీ దించినోన్ని కాదు."

కానీ ఒకసారి చిన్న ప్రయత్నమొకటి చేశాడు. డిపోలో పాత స్నేహితుడెవరో నీళ్లు కట్టేయమని సలహా ఇచ్చాడు. మా ఊళ్లో కుళాయి నీళ్లు రోజూ రావు. వచ్చే పొద్దు కోసం ప్రతి ఇంట్లో డ్రమ్ములు, బిందెలు, చివరికి గిన్నెలు కూడా ఎదురుచూస్తుంటాయి. సరిగ్గా ఆ పొద్దు చూసుకుని పానా సంచిలో పెట్టుకుని వచ్చాడు. గోడ వారగా ఉన్న గుంతలో గొంతుక్కూర్చుని వాళ్ల పైపు తిప్పి కట్టేశాడు. వచ్చి మా గేటు స్తంభం వెనక నిలబడ్డాడు.

"ఈపొద్దుతో తేలిపోతాది తల్లీ."

కాసేపటికి మా కుళాయి బుస్సుమంది. పక్కింట్లో ఈరమ్మ కుళాయి దగ్గి ఊరుకుంది. "అక్కా, మీకు వస్తాండాయా?" అని గోడ మీదుగా అరిచింది. వస్తున్నాయన్నాను. ఇంకేం, మున్సిపాలిటీవాళ్లను తిట్టుకుంటూ బిందె చంకనేసుకుని పెరటి దారిన మా ఇంటికే వచ్చింది. లింగప్ప మార్కెట్టులో ఉన్నాడు, పిల్లవాడు బడిలో. ఒక్కతే పోతోంది, వస్తోంది. నడుము పట్టినప్పుడల్లా గోడకు చేయి ఆనించి ఆగుతోంది. గేటు స్తంభం వెనక ఆయన ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. మెడ మీద చెమట కారుతోంది.

"ఇంగ ఎంతసేపు వస్తాయి నీళ్లు?" అని గొణిగాడు.

"అయిపోవచ్చినాయప్పా."

అంతే. గబగబా గుంత దగ్గరికి పోయి పానా వేసి తిప్పేశాడు. పక్కింట్లో కుళాయి నుంచి నీళ్లు భళ్లున దూకాయి. ఈరమ్మ పరుగున బయటికొచ్చింది. చేతిలో పానాతో, మోకాళ్లదాకా బురదతో ఇంటి యజమాని లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏం సేస్తాండావన్నా?"

"పట్టేసిండాది. బాగు సేసినా."

ఈరమ్మకు అర్థం కాకపోలేదు. "అట్లనా. రొట్టె తిని పో" అంది.

ఆయన తినలేదు. నీళ్లు ఆగిపోయేలోగా డ్రమ్ము నిండాలని తనే లోపలి నుంచి గొట్టం లాక్కొచ్చి పట్టుకుని నిలబడ్డాడు. తడిసిన ప్యాంటుతోనే మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కాడు. ఆ సాయంత్రం ఈరమ్మ నా దగ్గర జాకెట్టు తీసుకోవడానికి వచ్చి చాలాసేపు కూర్చుంది.

"ఆయన మంచోడు కాకపోయింటే ఎప్పుడో పోయేదాన్నక్కా" అంది. "మంచోడు గాబట్టే ఉండా. ఇట్లాంటోడు ఇంగో ఇంటికి దొరకడు. ఈ వాకిలి ఇడిస్తే మళ్లా మూట కట్టుకొని మిరపచేలకు పోవాల. నా శాత కాదు."

ఇద్దరి మాటలూ నేనే వినేదాన్ని. గేటు దగ్గర ఆయన మాట వింటే ఆయనదే న్యాయం. ఈరమ్మ నా మిషన్ పక్కన కూర్చుని చెబితే ఆమెదీ నిజమే.

రెండేళ్లు గడిచాక ఆయన మాటల్లో భార్య మోకాళ్లు రావడం మొదలైంది. ఎమ్మిగనూరులో వాళ్లది మేడమీద వాటా. మెట్లు నిటారుగా ఉంటాయట. "దిగి శానా దినాలైంది తల్లీ. కిటికీలోంచి బజారు సూస్తాది, అంతే. మొన్న అడుగుతాంది, మనింటి కాడ వేపచెట్టు పెరిగిందా అని." వేపచెట్టు మా రెండిళ్ల మధ్యలో ఉండేది. పెరిగిందని చెప్పమన్నాను.

ఈరమ్మకు కూడా చెప్పాడు. ఆమె నమ్మలేదు. "ఇండ్లోళ్లందరూ అట్లనే అంటారక్కా. మా సెల్లెలు బాడుగకుండే ఇంటాయన అమ్మకు జబ్బని ఖాళీ చేయించి ఎక్కువ బాడుగకు ఇచ్చుకున్యాడు. ఆయమ్మను ఒకసారి తోలుకొని రమ్మను. కండ్లారా సూసి పోతాం." నేను ఆ మాట ఆయనకు చేరవేశాను. "దిగగలిగితే గదా తల్లీ తోలుకొచ్చేది" అన్నాడు.

ఆ ఎండాకాలంలో ఇద్దరూ వీధిలో అరుచుకున్నారు. అంతకుముందు ఎప్పుడూ లేదు.

"నీ కాళ్లు పట్టుకోవాల్నా?" అన్నాడాయన.

"పట్టుకో. నేనూ నీ కాళ్లు పట్టుకుంటా. నాకు ఈ వాకిలే అన్నం!" అంది ఈరమ్మ.

రొట్టెల కోసం వచ్చినవాళ్లు చూస్తున్నారు. ఆయన వాళ్ల వంక చూసి, ఏదో అనబోయి, "రైట్" కూడా అనకుండా పోయాడు.

ఆ తర్వాత చాలా రోజులు రాలేదు. బస్సు వచ్చేది, గేటు మోగేది కాదు. నాకు తోచేది కాదు. ఈరమ్మకు నాకన్నా తోచేది కాదు. రొట్టె కాలుస్తూ మలుపు వైపు చూసేది. "రాడేమక్కా? కోర్టుకు పోయినాడేమో" అనేది. ఇంకో రోజు, "ఒంట్లో బాగుందో లేదో" అనేది.

ఒక మధ్యాహ్నం వచ్చాడు. రొట్టెల దగ్గర జనం బాగా ఉన్న వేళ. బస్సులో కాదు, కర్నూలు ఆసుపత్రి బండిలో. తెల్లటి బండి వసారా ముందు ఆగితే ఈరమ్మ అది పోలీసులదో కోర్టువాళ్లదో అనుకుంది. లేచి, పిండి చేతులు రెండూ గుమ్మానికి అడ్డంగా చాపి నిలబడింది. నేనూ మిషన్ వదిలి బయటికొచ్చాను.

ఆయన బండి వెనక తలుపు లోంచి దిగాడు. గడ్డం మాసి ఉంది. ఎప్పుడూ 'ఏమ్మా' అని పిలిచేవాడు ఆమెను. ఆ రోజు అలా పిలవలేదు.

"సెల్లెమ్మా, ఒక పూట జాగా ఇయ్యి. సాయంత్రానికి తీసకపోతా."

"ఏంటికన్నా?"

"ఆమెను తెచ్చినా."

ఈరమ్మకు ఇంకా అర్థం కాలేదు. నాకు బండి లోపల తెల్లగుడ్డ కనిపించింది. ఆయన తలుపు పట్టుకుని మామూలు గొంతుతోనే చెప్పాడు. జ్వరమొచ్చిందని కర్నూలుకు తీసుకుపోయాడు. అక్కడ ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. ఈ పొద్దున పోయింది. ఎమ్మిగనూరులో ఇంటిముందు బండి ఆపితే కింద వాటాలో ఉండే ఇంటివాళ్లు ఎదురొచ్చారు.

"బిడ్డ పెండ్లి పెట్టుకున్యారంట. పందిరి గుంజలు కూడా తెచ్చిపెట్టినారు. మెట్లెక్కించొద్దప్పా అని దండం పెట్టినారు. వాళ్లది తప్పేం లేదు. అది వాళ్ల ఇల్లు. నేను బాడుగోన్ని." బండి వైపు తిరిగాడు. "ఎంతసేపని రోడ్డు మీద పెట్టుకొని నిలబడేది? యాడికి తీసకపోదామని డ్రైవరు అడిగినాడు. నోట్లో ఈ ఊరు పేరు వచ్చింది."

తను కట్టించిన ఇంటికి తన భార్యను తీసుకొచ్చి, గడప బయట నిలబడి అద్దెకున్నామెను అడుగుతున్నాడు. రొట్టెల జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. లోపలి నుంచి వచ్చిన లింగప్ప, "మేయ్, ఇంట్లో పిల్లోడుండాడు..." అని ఏదో అనబోయాడు. ఈరమ్మ తిరిగి చూసింది. అతను ఆ మాట మింగేసి బండి వైపు నడిచాడు.

ఈరమ్మ బిందె ఎత్తి మండుతున్న పొయ్యిలో నీళ్లు కుమ్మరించింది. వసారా అంతా పొగ. పిండి తట్ట, పెనం, పీట, అన్నీ కాళ్లతో పక్కకు నెట్టేసింది. లింగప్ప, డ్రైవరు వసారాలో దించబోతే ఆపింది.

"ఈడ ఏంటికి? లోపలికి తీసకరండి. నడిమింట్లో పండబెడదాం. ఆయమ్మ ఇల్లు అది."

లోపలికి తీసుకుపోయారు. ఆయన మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చెప్పులు విప్పాడు, మళ్లీ వేసుకున్నాడు, మళ్లీ విప్పాడు. నేను చేయి పట్టుకుని లోపలికి నడిపించాను.

నీళ్లు పోసే వేళకు నేనూ ఈరమ్మా ఇద్దరమే ఉన్నాం. ఈరమ్మ ఆమె తల నుంచి కాళ్లదాకా చూసింది. ఏమనుకుందో, తడిచేతులతోనే లేచి వంటింట్లోకి పోయింది. ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. గట్టు ముందు నిలబడి ఉంది. దాని అంచు మీద అరచేయి పెట్టి, అక్కడి నుంచి నేలదాకా చూస్తోంది.

"అక్కా, ఇది ఈయమ్మకు కట్టిందేనా?"

అవునన్నాను. అప్పుడు ఏడ్చింది ఈరమ్మ. పెద్దమనుషుల ముందు ఏడ్చిన ఏడుపు కాదది. నోట్లో కొంగు కుక్కుకున్నా వీధిదాకా వినపడింది.

కర్మకాండ అంతా అక్కడే జరిగింది. ఆయన వసారాలో పడుకునేవాడు. పడుకునేవాడు అంటున్నాను గానీ, ఎప్పుడు చూసినా వేపచెట్టుకూ గేటుకూ మధ్య తిరుగుతూనే ఉండేవాడు. చుట్టాలకు ఈరమ్మే వండిపెట్టింది. పొయ్యి మళ్లీ వసారాలోకి రాలేదు. రొట్టెల కోసం వచ్చినవాళ్లను లింగప్ప వీధి మొదట్లోనే వెనక్కి పంపేవాడు. ఆఖరి రోజు చుట్టాలు వెళ్లిపోయాక ఆయన ఈరమ్మను పిలిచాడు.

"ఇంగ మీరు ఉండండి సెల్లెమ్మా. ఎన్నాళ్లుంటారో ఉండండి. నేను ఎమ్మిగనూరు పోతా. ఇంగ నాకు ఇల్లేంటికి?"

ఈరమ్మ తల వంచుకుని విన్నది.

వారం తిరక్కముందే వాళ్ల వాకిట్లో తోపుడుబండి ఆగింది. లింగప్ప మంచం కోళ్లు విప్పుతున్నాడు. నేను పరుగున వెళ్లాను.

"ఏమే ఈరమ్మా, ఆషాఢం గదా ఇది!"

"తెలుసక్కా."

"ఉండమన్నాడు గదా ఆయన."

"ఉండమన్యాడు గాబట్టే పోతాండా." మూట ముడి బిగిస్తూ అంది. "పొమ్మంటాంటే కొట్లాడి ఉంటి. ఇప్పుడు ఎవురితో కొట్లాడి ఉండాల? ఆ గట్టు కాడికి పోతే ఆయమ్మ నా పక్కనే నిలబడుకున్నట్టుంది. సెయ్యి ఆడడం లేదక్కా."

ఆసుపత్రి వెనక సందులో ఒక రేకుల గది దొరికింది వాళ్లకు. మొదట్లో బేరం పడిపోయింది. ఆ సందు ఎవరికీ తెలియదు. లింగప్ప ఆస్పరి పక్కకు కూలికి పోయిన రోజులు కూడా ఉన్నాయి. తర్వాత్తర్వాత తిన్నవాళ్లే వెతుక్కుంటూ పోయారు. మిరపచేలకు మాత్రం పోవలసిన అవసరం రాలేదు.

తాళంచెవి నా చేతిలో పెట్టి పోయింది ఈరమ్మ. ఆయన వచ్చి తీసుకోవడానికి చాలా రోజులు పట్టింది. గేటు దగ్గరికి వచ్చేవాడు, తాళం వేసి ఉన్న ఇంటివైపు చూసేవాడు, "ఈసారి తీసుకుంటాలే తల్లీ" అని పోయేవాడు. చివరికి ఎమ్మిగనూరులో ఆ మెట్లెక్కడం ఆయనకే చేత కావడం లేదని వచ్చేశాడు. వెనక గదిలో ఉండేవాడు. మధ్యాహ్నం ఈరమ్మ పిల్లవాడు రొట్టెలు తెచ్చి ఇచ్చేవాడు. ముందర భాగం ఊరికే ఉండటం ఆయనకు పడలేదు. పొద్దున్నే ఊడ్చేవాడు, తలుపులు తెరిచేవాడు, మూసేవాడు. ఆ తలుపుల చప్పుడు వినీవినీ ఒకరోజు నేనే అన్నాను, ఎవరికైనా ఇవ్వకూడదా అప్పా అని. సాయంత్రానికి అట్ట ముక్క మీద 'ఇల్లు బాడుగకు ఇవ్వబడును' అని రాసి కట్టాడు.

చాలామంది వచ్చారు. బస్సులకు దగ్గర, నీళ్లున్నాయి, ఎవరికి నచ్చదు? ఆయన ఇల్లంతా ఉత్సాహంగా చూపించేవాడు. చూపించి, అద్దె మాట రాకముందే ఇంకో మాట చెప్పేవాడు.

"ఒకటి ఇనండి. మీ ఇంట్లో ఎవురికన్నా ఏమన్నా అయితే యాడికీ పోవద్దండి. ఈడికే తీసకరండి. నన్ను అడిగే పని లేదు."

కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వచ్చింది. ఆ మాట వినగానే ఆ అమ్మాయి మొగుడి చేయి పట్టుకుని లాక్కుపోయింది. మండీలో లెక్కలు రాసే ఆయన ఒకాయన ఇంటివాళ్లను అడిగి చెబుతానని పోయి మళ్లీ కనిపించలేదు. టీకొట్టు దగ్గర పాపం మతి చలించిందన్నారు. నాకు కష్టమనిపించి ఒకరోజు గట్టిగానే అడిగాను.

"ఇల్లు సూడనీకి వచ్చినోళ్లతో ఆ మాటలేంటికప్పా? అయిన పొద్దు సెప్పొచ్చు గదా."

ఆయన గేటు ఊచ వదిలి నా వైపు తిరిగాడు.

"ఆ పొద్దు ఎవురు సెప్తారు తల్లీ? బండిలో కూకోని, ఇంటాయన ఏమంటాడో, రానిస్తాడో లేదో అనుకుంటా రావాల వాళ్లు. నేను కర్నూలు నుంచి ఎమ్మిగనూరు దాకా అట్లనే వచ్చినా. ఆమెను సూసి ఏడ్సనీకి కూడా నాకు తీరలేదు. ఆ ఇంటాయనకు ఏం సెప్పాల్నో మనసులో అనుకుంటా వచ్చినా."

ఆ తర్వాత నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అట్ట ముక్క ఎండకు వెలిసిపోయింది. ఆయనే ఇంకోటి రాసి కట్టాడు.

మస్తాన్ వచ్చింది చలికాలంలో. లారీ షెడ్డులో మెకానిక్కు. చేతులు ఎంత కడిగినా గోళ్లలో నలుపు. భార్య, ఆమె వెనక చిన్నపిల్ల. కండక్టరప్ప తలుపులు తెరిచి చూపించబోతుంటే మస్తాన్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఇల్లు తర్వాత సూస్తా చాచా. ముందే ఒకటి సెప్తాండా. మా అమ్మీకి పక్షవాతం. మంచంలోనే ఉండాది. అది తెలిస్తే ఎవురూ ఇల్లు ఇయ్యడం లేదు. సెప్పకుండా సేరితే ఆమెను సూసి ఖాళీ చేయమంటాండారు. శానా ఇండ్లు మారినాం."

కండక్టరప్ప అతన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన మాట చెప్పాడు. అందరికీ చెప్పినట్టే, ఒక్క ముక్క తేడా లేకుండా.

మస్తాన్ భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మస్తాన్‌కు నమ్మకం కలగలేదు. ఇందులో ఇంకేదో మెలిక ఉందనుకున్నాడో ఏమో, మళ్లీ అడిగాడు.

"ఇప్పట్లో ఏమీ కాదు చాచా. అట్లనే యేండ్లు ఉంటాదని డాక్టరు సెప్పినాడు. మంచం ఈ నడిమింట్లోనే ఎయ్యాల. నీకు తర్వాత ఇల్లు కావాలంటే ఎట్ల? ఎన్నాళ్లని ఉండమంటావు?"

కండక్టరప్ప అప్పటికే వాకిలి రెండో తలుపు గొళ్లెం తీస్తున్నాడు, మంచం పట్టాలి కదా అని. ఆ గొళ్లెం తుప్పు పట్టి ఉంది. రెండు మూడుసార్లు గుంజితే గానీ రాలేదు.

"ఆమెను ఉండనీ నాయనా, ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. ఈడ పొమ్మనేవాళ్లు ఎవురూ లేరు."